గురివింద గింజ ఎవరికి వస్తే

ఇన్‌స్పెక్టరు లాఠీ కొనతో మా సముద్రాన్ని తాకాడు. నీలిమందు కలిపి ఆరబెట్టిన ఇసుక అది. లాఠీ కొనకు నీలం అంటుకుంది.

"ఇదేమిటి?"

"సముద్రం బాబూ" అన్నాడు పరదేశి.

"ఇది?"

"కొండ బాబూ."

"ఏ కొండ?"

పరదేశి నా వైపు చూశాడు. విశాఖపట్నం ఒక్కసారి చూసినవాళ్లెవరైనా ఆ కొండను గుర్తుపడతారు. సముద్రంలోకి ముక్కు చాపుకుని పడుకున్న కొండ. దాని పక్కన ఓడలు వచ్చే కాలవ, కాలవ చివర రేవు. మా పెరటి కొట్లో బెల్లం ఆరబోసే వెడల్పాటి బల్ల మీద, శారదా నది ఇసుకతో, మేమే కట్టాం.

అంతకు ముందు నెలలోనే జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకన వేసుకుని జనం మా అనకాపల్లికి వచ్చిపడ్డారు. రేవు గురించి గట్టిగా మాట్లాడినా పోలీసులు పట్టుకుపోతున్నారని ఊరంతా చెప్పుకుంటోంది. అటువంటప్పుడు మేము రేవునే బల్ల మీద పెట్టుకు కూర్చున్నాం. ఎవరో చూసి చెప్పి ఉంటారు. మాకు మాత్రం అది తప్పని తోచనే లేదు. బల్ల ముందు కూర్చుంటే మాకు బయట ప్రపంచం ఉన్నట్టే ఉండదు.

ఆ ఆటను మాకు నేర్పింది బంగారయ్య మామ. మొదటి యుద్ధంలో సిపాయిగా బస్రా వెళ్లి, కాలికి గుండు తగిలి, అక్కడి ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు ఒక దొర దగ్గర నేర్చుకున్నాడట. ఏటికొప్పాకలో లక్క బొమ్మల పని నేర్చిన పరదేశి బొటనవేలంత సిపాయిలను చెక్కి లక్క రంగు వేసి ఇచ్చాడు. మావాళ్లు ఆకుపచ్చ, పగవాళ్లు ఎరుపు. ఎవరు ఎంత దూరం కదలాలన్నా చెరుకు పుల్లతో కొలవాలి. ఫిరంగి పేలితే అయిదు గవ్వలు వెయ్యాలి. ఎన్ని వెల్లకిలా పడితే అంతమంది కూలినట్టు. బెల్లం మార్కెట్లో గుమాస్తా పని చేసే నా తమ్ముడు త్రినాధరావు, నేను, వాళ్లిద్దరు. ఆదివారం మధ్యాహ్నం నలుగురం కూర్చునేవాళ్లం. మొగుడు పోయినదానికి యుద్ధాలేమిటని వీధిలో కొందరు నవ్వేవారు. నవ్వనీ అనుకునేదాన్ని.

పగవాడు ఎవరన్నది సంచీ చెప్పాలి. అందులో మూడు కుంకుడు గింజలు, ఒక గురివింద గింజ. గురివింద ఎవరి చేతికి వస్తే వాళ్లు ఆ పూటకు పగవాళ్లు. వాళ్లు మనస్ఫూర్తిగా పగవాడిలాగే ఆడాలి. చుట్టమని, స్నేహమని చెయ్యి వదిలేస్తే బంగారయ్య మామ ఆ మనిషిని రెండు వారాలు బల్ల దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

"ఇక్కడ ఫిరంగులు ఎవరు పెట్టారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కొండ మీదికి లాఠీ చూపించి.

"నేనే బాబూ" అన్నాను.

"ఇక్కడే ఉంటాయని నీకెవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పనేదు బాబూ. ఓడలు కాలవలోకి రావాలంటే ఈ కొండ కిందనించే రావాలి కదా. అందుకని పెట్టేను."

ఆయన చటుక్కున నా వైపు తిరిగాడు. ఆయన కృష్ణా జిల్లా మనిషి, కొత్తగా వచ్చాడు. ఆ మొహం చూశాక నాకు అర్థమైంది, నేను పెట్టింది సరైన చోటేనని.

"జపానువాళ్లు ఎవరు ఇందులో?"

"నేనండీ" అని త్రినాధ లేచి నిలబడ్డాడు. ఆ పూట గురివింద వాడికే వచ్చింది.

ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మంలో కానిస్టేబులు పోతురాజు ఉన్నాడు. మునగపాకవాడు, మమ్మల్ని ఎరిగినవాడే. వాడి భుజాన తాడు చుట్ట ఉంది. త్రినాధ చేతులకు కట్టి తీసుకుపోవడానికే అది. పోతురాజు నా వైపు చూడలేక గోడ వైపు చూస్తున్నాడు.

"ఇది ఆటే బాబూ. వారం వారం ఆడతాం. పోతురాజుని అడగండి" అన్నాడు బంగారయ్య మామ.

"ఆటైతే ఆడండి. నేను చూస్తాను. కాదనిపిస్తే ఇతను నాతో వస్తాడు."

కూర్చున్నాం. త్రినాధ ఎర్ర సిపాయిలను పడవలెక్కించి తిన్నగా కాలవలోకి, మా ఫిరంగుల కిందికి నడిపించాడు. మామ గవ్వలు వేశాడు. నలుగురు కూలారు. త్రినాధ మళ్లీ అదే దారిన ఇంకో పడవ పంపాడు. వాళ్లూ కూలారు. మూడో పడవ మీద వాడు చెయ్యి వేసేసరికి ఇన్‌స్పెక్టరు బల్లను లాఠీతో తట్టాడు.

"చాలు. ఇంత తెలివితక్కువగా ఎవడైనా ఆడతాడా? నన్ను చూసి నాటకం వేస్తున్నారు. పోతురాజూ!"

తాడు వాడి భుజం మీంచి దిగింది.

త్రినాధ ఓడిపోతే నాటకం. గెలిస్తే రేవును ఎలా పట్టుకోవాలో తెలిసిన ద్రోహి. ఎటు చూసినా తాడే. బంగారయ్య మామ తల దించుకున్నాడు. నాకు ఒక్కటే దారి కనిపించింది.

"బాబూ, మావోడు బయపడి ఆడతన్నాడు. ఇంత సెడ్డగా మేవెప్పుడూ ఆడనేదు. మొదటినించీ ఆడనీండి." త్రినాధ వైపు తిరిగాను. "గురివింద ఎవులికొచ్చింది?"

"నాకేనప్పా."

"మరైతే పగోడిలాగ ఆడు."

"గెలిత్తేనో?" అన్నాడు, నాకే వినపడేలా.

"ఆడరా అంతన్నాను!"

ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి పోతురాజును ఆపాడు. పరదేశి కూలిన సిపాయిలను మళ్లీ నిలబెట్టాడు. త్రినాధ అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు.

రెండు పడవలను కొండ ఎదురుగా తెచ్చి ఆపాడు, ఫిరంగికి అందీ అందనంత దూరంలో. మామ వాటి మీద గవ్వలు వేస్తూనే ఉన్నాడు. ఒక వేటు తగిలేది, ఒకటి తగిలేది కాదు. ఈలోగా మిగిలిన పడవలు దక్షిణాన తాటిచెట్ల వెనక ఒడ్డుకు చేరాయి. తాటిచెట్లంటే చెరుకు మోడులే. వంతుకు ఒక పుల్లంత దూరం, ఎర్ర సిపాయిలు కొండ వెనక్కి నడుస్తున్నారు.

"ఓలమ్మో, ఎనకనించి వత్తన్నాడు మామా!" పోతురాజు ఆపుకోలేకపోయాడు. "ఆ పడవలు ఉత్తివే! ఎనక్కి సూడు!"

"నోరు ముయ్యి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. కానీ ఆయన కూడా వంగి కొండ వెనక్కే చూస్తున్నాడు. "ముసలాయనా, ఫిరంగి ఇటు తిప్పండి."

"తిప్పితే ఈ వంతుకి పేలదు బాబూ."

"పేలకపోతే పేలకపోయింది, తిప్పండి. వచ్చే వంతుకు వాళ్లు ఎదురుగా ఉంటారు." మామ ఇంకా తటపటాయిస్తుంటే ఆయనే చెయ్యి చాపి ఫిరంగిని తిప్పాడు. లాఠీని గోడకు ఆనించి, పీట లాక్కుని మామ పక్కన కూర్చున్నాడు. "ఆ ఆకుపచ్చవాళ్లను రేవులోంచి పైకి తెండి. ఇంకా. కొలవండి, కొలవండి."

పరదేశి కొలిచాడు. అర పుల్ల దూరం చాలలేదు.

ఆకుపచ్చవాళ్లు వచ్చేలోగా ముగ్గురు ఎర్ర సిపాయిలు కొండ అంచుకు చేరారు. అడ్డంగా ఒక్క ఫిరంగే మిగిలింది. ముగ్గురూ కూలితే కొండ నిలుస్తుంది. ఒక్కడు మిగిలినా పోతుంది. మామ గవ్వలు ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టాడు.

ఆయన గుప్పిట మూసి ఊపాడు. వేశాడు.

రెండు వెల్లకిలా పడ్డాయి. రెండు బోర్లా. అయిదోది ఇసుక గట్టుకు ఆనుకుని, నోరు సగం పైకి పెట్టుకుని నిలబడింది.

"మూడు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బంగారయ్య మామ కళ్లు మూసుకున్నాడు. పరదేశి చూరు వైపు చూశాడు. ఔననెయ్యి, ఔననెయ్యి అని నేను మనసులో తమ్ముడికి మొక్కుకున్నాను. ఆటలో పగవాడిలాగ ఆడమన్నదాన్ని నేనే, ఆ ఒక్క గవ్వను వదిలెయ్యమని వేడుకున్నదాన్నీ నేనే.

త్రినాధ ఆ గవ్వ వైపు చూశాడు. పోతురాజు చేతిలో తాడు వైపు చూశాడు.

"అది ఒరిగిందండీ" అన్నాడు. "ఒరిగిన గవ్వ లెక్కలోకి రాదు. రెండే."

"ఏమిటీ?"

"రెండేనండీ. ఒకడు మిగిలేడు."

ఇన్‌స్పెక్టరు మామ వైపు తిరిగాడు. "ముసలాయనా, మీ ఆటలో అంతేనా?"

"అంతే బాబూ."

"ఎవరు వేసినా?"

"ఎవులేసినా అంతే. నేనేసినా అంతే. తవరేసినా అంతే."

ఇన్‌స్పెక్టరు మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. ఆయనకు భయపడి గజగజలాడుతున్న మనుషులం. ఒక్క గవ్వ దగ్గర మాత్రం ఎవరమూ తగ్గలేదు. ఆయన మళ్లీ గవ్వ మీదికి వంగి, తల పక్కకు వాల్చి, ఒరిగిందా లేదా అని ఆ వైపు నుంచీ ఈ వైపు నుంచీ చూశాడు.

"ఒరిగింది" అన్నాడు చివరికి.

మిగిలిన ఎర్ర సిపాయిని ఆయనే రెండు వేళ్లతో ఎత్తి కొండ నెత్తిన నిలబెట్టాడు. ఆ తర్వాత అరచేయి ఆడించి కొండను, కాలవను, రేవును ఒక్క ఊపులో చదును చేసేశాడు. సిపాయిలు దొర్లిపోయారు.

"ఈ రేవు మళ్లీ ఈ బల్ల మీద కనిపించిందంటే నలుగురినీ తీసుకుపోతాను. ఏదో ఒక ఊరు కట్టుకోండి. పేరు లేని ఊరు."

"సిత్తం బాబూ" అన్నాడు మామ. "కొండా ఒద్దు, సముద్రమూ ఒద్దు. మైదానమే."

"ఒట్టి మైదానం మీద యుద్ధం ఏం బాగుంటుంది? ఏరైనా ఉండాలి కదా." ఆయన లేస్తాడనుకున్నాం. లేవలేదు. చెయ్యి వెనక్కి చాపాడు. "పోతురాజూ, అది ఇలా ఇయ్యి."

పోతురాజు అందించాడు. ఇన్‌స్పెక్టరు తాడు చుట్ట విప్పి, బల్ల ఈ చివర నుంచి ఆ చివర వరకు వంకర టింకరగా ఇసుక మీద పరిచాడు. నేను గోడకు జారబడ్డాను.

"సంచీ ఏదీ? నాకూ ఒక గింజ వెయ్యండి."

పరదేశి ఇంకో కుంకుడు గింజ వేసి సంచీ తిప్పాడు. ఇన్‌స్పెక్టరు తీశాడు, కుంకుడు. మామ, త్రినాధ, పరదేశి, అందరికీ కుంకుళ్లే. నేను చివర చెయ్యి పెట్టి ఉన్నదాన్ని తీసి గుప్పిట విప్పాను.

"సచ్చేంరా బాబూ" అన్నాడు పరదేశి. "అప్పకొచ్చింది."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి పక్కన పెట్టి, ఆకుపచ్చవాళ్లను ఏటి ఒడ్డున వరసగా నిలబెట్టడం మొదలుపెట్టాడు. నేను ఎర్ర సిపాయిలను నా వైపు లాక్కున్నాను. దాటడానికి ఆ తాడు ఎక్కడ సన్నగా ఉందో చూశాను.