ఆకాశంలో అత్తగారు

కొండల నడుమ, సరస్సు ఒడ్డునున్న హోటల్లో దిగామో లేదో, మా ఆయన అందరి తరఫునా తనే నిర్ణయాలు తీసేసుకున్నాడు. నాకు కొండ మీంచి పారాగ్లైడింగ్, వాళ్ళమ్మకు నూనె మసాజ్, తనకు పడవ షికారు. సాహసాలంటే నాకు ప్రాణమని పెళ్ళిచూపుల్లో కోతలు కోసింది నేనే లెండి. నిజానికి స్టూలెక్కి బల్బు మార్చాలన్నా నాకు కళ్ళు తిరుగుతాయి.

అత్తగారికేమో ఎగరాలని ఎన్నాళ్ళనుంచో కోరిక. నోరు తెరిచి అడిగింది కూడా.

"ఈ వయసులో ఎందుకమ్మా? కాలో చెయ్యో విరిగితే?" అని కొట్టిపారేశాడు సుపుత్రుడు. ఆవిడ స్కూటర్ని కూడా ఇలాగే అమ్మించేశాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆయన అటు పడవ దగ్గరికి వెళ్ళగానే అత్తగారు చెయ్యి చాపింది. "అమ్మాయ్, నీ ఎర్ర చలికోటు ఇటియ్యి."

"తెలిస్తే ఆయన మిమ్మల్నిక గడప దాటనివ్వరు అత్తయ్యా!"

"హెల్మెట్ పెట్టుకుంటే ఎవరైనా ఒకటే. పైనున్నంతసేపూ నోరు మూసుకుంటాలే."

అత్తగారు నోరు మూసుకోవడం! నమ్మిన నాకు బుద్ధుండాలి.

ఆవిడ కొండెక్కింది, నేను మసాజ్ బల్లెక్కాను. ఆహా, స్వర్గం! వీపు మీద నూనె పడి కళ్ళు మూతలు పడుతుండగా పైనుంచి కేక.

"ఒరేయ్ వెధవా! ఆ లైఫ్‌జాకెట్ పట్టీలు బిగించుకోరా!"

కొంప మునిగింది. దుప్పటి చుట్టుకుని ఒడ్డుకు పరిగెత్తాను. అప్పటిదాకా ఫోనులో వీడియో తీస్తూ, "మా ఆవిడండీ!" అని పక్క పడవల వాళ్ళకు గొప్పలు పోతున్న మనిషి, ఆ గొంతు వినగానే "అమ్మా!" అంటూ దిగ్గున లేచాడు. పడవ ఒరిగింది. మొలలోతు నీళ్ళలో దబ్బున పడ్డాడు.

అత్తగారు మాత్రం తనను ఎగరేసిన పైలట్‌తో కలిసి నాలుగడుగులు పరిగెత్తి గడ్డి మీద చక్కగా దిగింది.

"నీకేమైనా అయితే నా గతేంటమ్మా?" నీళ్ళోడుతూ వచ్చి అరిచాడు మా ఆయన. నిజంగానే హడలిపోయాడు పాపం.

"పడింది నేనా, నువ్వా?" అని, చలికోటు విప్పి కొడుకు తల తుడిచింది అత్తగారు. "భయంగానే ఉంటుందిరా. నువ్వు సైకిల్ నేర్చుకునేటప్పుడు నాకూ ప్రాణాలు పోయేవి. అయినా పట్టుకున్న సీటు వదిలేశానా లేదా?"

 ఆయన తిన్నగా పైలట్ దగ్గరికెళ్ళి, రేపటికి ఒక టికెట్ కావాలన్నాడు.

"ఎవరికండీ?" అన్నాను, గుండె చిక్కబట్టుకుని.

నన్నూ నా దుప్పటినీ ఎగాదిగా చూశాడు. "మా అమ్మకే!"