చెప్పుల పక్క కుర్చీ

చుట్టిపెట్టిన ఎర్ర జంపఖానాను విమల మోకాలితో ముందుకు దొర్లిస్తూ, ముడతలు అరచేత్తో సవరిస్తోంది. చర్చికి ఇంకా ఎవరూ రాలేదు. కుడివైపు మగవాళ్లకు నీలం, ఎడమవైపు ఆడవాళ్లకు ఎరుపు. ఆ ఎర్రది నేసింది ఆమే. కొత్తవాడలో మగ్గం ముందు ఇరవై రెండు రోజులు కూర్చుని, ఇనుప పంజాతో నూలు దట్టించి నేసింది. అందుకే ఆమె అరచేతులు కాయలు కాచి గరుకుగా ఉంటాయి. పరచడం అయ్యాక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోట వేసుకుంది. తొమ్మిదేళ్లుగా ఆమె చోటు అదే.

విమల పుట్టినప్పుడు డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో మగపిల్లాడని మిఠాయి పంచారు. పదిహేడేళ్లప్పుడు చీర కట్టుకుందని తండ్రి తలుపేసుకున్నాడు. వరంగల్‌లో రాజక్క అనే నేతగత్తె నేత నేర్పి, తన ఇంటి వెనక గది అద్దెకిచ్చింది. బాప్తిస్మం ఇచ్చిన సంఘానికి మాత్రం ఆమెను ఎక్కడ కూర్చోబెట్టాలో తోచలేదు. నీలం మీద ఆమె కూర్చోదు. ఎరుపు మీద వాళ్లు కూర్చోనివ్వరు. ఆ జంపఖానా మీద పసిపిల్లలు పాలు కక్కినా ఎవరికీ పట్టదు, నేసిన మనిషి కూర్చుంటే మాత్రం మాసిపోతుందట.

ఆ ఆదివారం శామ్యూల్ పెందలాడే వచ్చాడు. సంఘ పెద్ద అతనే, ఆమె పనిచేసే జంపఖానాల కార్ఖానా యజమానీ అతనే. పైదేశాల నుంచి సరుకు కొనేవాళ్లు వచ్చి ఉన్నారు. మీ దగ్గర ఎవరినీ వేరుగా చూడరు కదా అని వాళ్ల కాగితంలో ఒక ప్రశ్న ఉంది. అలా చూడబోమని శామ్యూల్ రాసిచ్చాడు. అయితే స్వయంగా వచ్చి చూస్తామని వాళ్లు ఆరాధనకు బయలుదేరారు.

"విమలా, ఇయ్యాల ఆడోళ్ల దిక్కు కూసో. ముందు వరుసల."

"నిజంగనేనా అన్నా?"

"చెప్తున్న గదా. ఫికర్ చెయ్యకు."

ఆమె కుళాయి దగ్గరికి పోయి మళ్లీ మొహం కడుక్కుంది, కొంగు మళ్లీ సర్దుకుంది. ఎప్పుడూ ముందు వరుసలో ఉండే సమ్మమ్మ పక్కన కూర్చుంది. సమ్మమ్మ పాటల పుస్తకం సగం ఆమె వైపు జరిపింది. గుమ్మం దగ్గర తొమ్మిదేళ్లు పెదాలు మాత్రమే కదిపిన విమల ఆ రోజు గొంతెత్తి పాడింది. బొంగురు గొంతే, అయినా శ్రుతి తప్పలేదు. పైదేశం నుంచి వచ్చినవాళ్లలో ఒకామె వంగి ఫొటోలు తీసుకుంది. విమల నవ్వింది.

ప్రసంగం మొదలుకాకముందే వాళ్లు లేచారు. బయట కారు చప్పుడు దూరమయ్యేదాకా ఆగి శామ్యూల్ దగ్గరికొచ్చాడు.

"ఇగ నీ జాగకు పో విమలా. ఆడోళ్లకు జర ఇబ్బందైతాంది."

"ఎవలకన్నా? సమ్మక్కా, నీకా?"

సమ్మమ్మ పుస్తకంలోకి చూసింది. పాట ఎప్పుడో అయిపోయింది, అందులో చూడటానికేమీ లేదు. వెనక వరుసల్లో ఒక్కరు, కనీసం ఒక్కరు, ఉండనీ అనలేదు. పొరుగువాణ్ణి ప్రేమించమన్న వాక్యం వాళ్లందరికీ నోటికొచ్చు.

"ఫొటోకు ఆడదాన్నే గదన్నా. కారు పోంగనే కాకుంట పోయిన్నా?"

శామ్యూల్ పాస్టర్ వైపు చూశాడు. పాస్టర్ గడియారం వైపు చూశాడు.

విమల లేచింది. గుమ్మం దాకా నడిచి కుర్చీ ఎత్తుకుని వెనక్కి వచ్చింది. తాను కూర్చున్న చోటే దాన్ని పెట్టి, కాళ్లు నాలుగూ సమంగా ఆనాయో లేదో చేత్తో కదిపి చూసింది. తరువాత చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

సోమవారం మగ్గం ఖాళీగా ఉంటే శామ్యూల్ రాజక్క ఇంటికి వచ్చాడు.

"తాళం నాకిచ్చి పోయిందయ్యా. యాడికే అంటే, కూసోనిచ్చే కాడికి అన్నది," అని రాజక్క తలుపు వేసేసుకుంది.

నెల తిరగకముందే కార్ఖానాకు కొత్త అట్టముక్కలు వచ్చాయి. పైదేశం పోయే ప్రతి జంపఖానాకూ ఒకటి కట్టాలి. వాటి మీద, ఆడవాళ్ల నడుమ, విమల నవ్వుతోంది.

ఇప్పుడు ఆదివారం జంపఖానాలు పరిచేది సమ్మమ్మ. పరిచాక కుర్చీ తెచ్చి ముందు వరుసలో పెడుతుంది. తీసెయ్యమని శామ్యూల్ రెండుసార్లు చెప్పాడు. ఆ రోజు రాని ధైర్యం ఇప్పుడెందుకని ఎవరైనా అడిగితే, కుర్చీ కాళ్లు నాలుగూ సమంగా ఆనాయో లేదో చేత్తో కదిపి చూస్తుంది. అందరూ కిందే కూర్చుంటారు, ఎర్ర జంపఖానా మీద ఆ కుర్చీ మాత్రం ఖాళీగా ఉంటుంది.