గ్యాలరీలో ఉదాహరణ

కొబ్బరి కోరుతూ మా ఆయనకు నిరుద్యోగం అంటే ఏమిటో చెబుతున్నాను. అతను వంటింటి గుమ్మంలో నిలబడి పళ్ళు తోముకుంటూ వింటున్నాడు.

"మళ్ళీ చెప్పు. పని లేనివాళ్ళంతా నిరుద్యోగులు కారా?"

"కారు. పని లేకపోవాలి, పని కోసం వెతుకుతూ కూడా ఉండాలి. వెతకడం మానేసినవాళ్ళు లెక్కలోంచి జారిపోతారు."

"జారి ఎక్కడికి పోతారు?"

"ఇంట్లోకి."

నవ్వాడు. నురగ చొక్కా మీద పడింది. ఇంకో తెల్ల చొక్కా ఇస్త్రీ చెయ్యాలి కాబోలు అనుకుంటూ, కోరిన కొబ్బరిలో మిరప్పొడి, ఎండుచేప తునకలు వేసి నిమ్మకాయ పిండాను. సంబోల్ పచ్చడిలో ఉప్పు ఎక్కువైతే మా అత్తగారు ఏమీ అనరు, మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరుపుకుంటారు.

మా ఆయన తిలక్ కార్మిక శాఖ ఉపమంత్రి. బడ్జెట్ చర్చలో ఆ రోజు అతని శాఖ వంతు. దేశంలో నిరుద్యోగం తగ్గిందని ప్రభుత్వం చెప్పుకుంటోంది. బట్టల ఫ్యాక్టరీలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడుతుంటే ఎలా తగ్గిందని ప్రతిపక్షం అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు నేనే రాశాను. శాఖలో రాసిచ్చేవాళ్ళు లేక కాదు. వాళ్ళు రాసింది చదివితే తనకే నిద్ర వస్తుందంటాడు తిలక్. "నువ్వు పాఠం చెప్పినట్టు రాస్తావు. అందరికీ అర్థమవుతుంది" అంటాడు. అది మెచ్చుకోలే. పెళ్ళయిన కొత్తలో నా చేపల పులుసు గురించి కూడా ఇదే గొంతుతో చెప్పేవాడు.

క్యాండీలో ఆడపిల్లల కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేదాన్ని. తిలక్ ఎన్నికల్లో గెలిచాక కొలంబో పక్కన బత్తరముల్లకు వచ్చేశాం. "కొన్నాళ్ళు సెలవు పెట్టు, ఇక్కడ సర్దుకున్నాక చూద్దాం" అన్నాడు. "సరే" అన్నాను. సెలవు అయిపోయింది. పాప దుల్మికి బడి కుదిరింది, అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది, తిలక్‌కు పదవి వచ్చింది. పొద్దున్నే నియోజకవర్గం నుంచి వచ్చేవాళ్ళకు టీలు, వాళ్ళు చెప్పేది వినడం, విన్నది తిలక్‌కు టిఫిన్ దగ్గర క్లుప్తంగా చెప్పడం నా పనైంది. రాజీనామా ఉత్తరం కూడా నేనే చక్కగా రాసుకున్నాను. అందులో కారణం అనేచోట కుటుంబ బాధ్యతలు అని పెట్టాను. ఆ మాట అబద్ధం కాదు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

మొన్నొక రోజు అలా వచ్చిన వాళ్ళలో ఒకామె, మూతపడిన ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టినామె, టీ తాగుతూ అంది: "మొదట్లో పని కోసం తిరిగాను మేడమ్. ఊరి నుంచి రానూపోనూ బస్సుకే బోలెడు అవుతోంది. మా ఆయన 'ఇంట్లో ఉండు, అదే పొదుపు' అన్నాడు. ఉన్నాను." నేను రాసిన జవాబులో ఆమె 'గృహ బాధ్యతలను ఎంచుకున్న మహిళలు' అనే మాటలో ఉంది. ఆ మాట రాసేటప్పుడు చెయ్యి ఆగలేదు. ఎందుకు ఆగలేదా అని తర్వాత అనుకున్నాను.

చర్చ రోజు మధ్యాహ్నం అత్తగారికి కొడుకు మాట్లాడటం చూడాలనిపించింది. తోడు నేను వెళ్ళాను. చెరువు మధ్యలో పార్లమెంటు, రాగి పైకప్పులు. సందర్శకుల గ్యాలరీలో మాట్లాడకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు. మేం సర్దుకుని కూర్చునేసరికి తిలక్ లేచాడు.

బాగా మాట్లాడాడు. ఎక్కడ ఆగాలో నేను పెన్సిలుతో గీత పెట్టిన చోటల్లా ఆగాడు. ఎగుమతులు ఎందుకు పడ్డాయో, మళ్ళీ ఎలా లేస్తాయో, కొత్త శిక్షణ కేంద్రాలు ఎక్కడ వస్తాయో చెబుతుంటే తన వైపు సభ్యులు బల్లలు చరిచారు. నాకు గర్వంగానే ఉంది. దాచుకోవడం దేనికి.

అప్పుడు ప్రతిపక్షంలోంచి మల్కాంతి లేచారు. మాతర నుంచి గెలిచినావిడ, పూర్వం నర్సుల సంఘం నడిపారు.

"ఉపమంత్రి గారి లెక్క నేను ఒప్పుకుంటాను. నిరుద్యోగులు తగ్గారు. ఉద్యోగులూ తగ్గారు. మరి ఆ ఆడవాళ్ళంతా ఏమయ్యారు? సముద్రంలో దూకారా?"

సభ నవ్వింది. దీనికి జవాబు కాగితంలో మూడో పేజీలో ఉంది. తిలక్ పేజీ తిప్పబోయి ఆగాడు. తల ఎత్తి గ్యాలరీ వైపు చూశాడు.

"సభాపతి గారూ, ఎవరూ ఎక్కడా దూకలేదు. మా ఇంటి సంగతే చెబుతాను. నా భార్య కాలేజీలో లెక్చరర్‌గా చేసేది. ఎవరూ తీసెయ్యలేదు, ఎవరూ మానమనలేదు. తన ఇష్టంతోనే మానేసింది. ఇవాళ ఇల్లు చూసుకుంటూ హాయిగా ఉంది. అదిగో, పైనే కూర్చుంది!"

తలలన్నీ పైకి లేచాయి. నవ్వులు, చప్పట్లు. అత్తగారు నా మోచేతిని మురిపెంగా నొక్కి "నవ్వవే, అందరూ చూస్తున్నారు" అని గొణిగారు. నవ్వాను.

మల్కాంతి నవ్వలేదు. "ఆమెను అడిగారా?" అన్నారు.

"నా భార్య గురించి నేను అడిగి తెలుసుకోవాలా?" అన్నాడు తిలక్. ఈసారి అటు పక్కవాళ్ళు కూడా నవ్వారు. చర్చ రేవు కార్మికుల మీదికి వెళ్ళిపోయింది.

బయట వరండాలో కారు కోసం నిలబడితే మల్కాంతి మా పక్కగా వచ్చారు. "ఏమీ అనుకోకండమ్మా, మిమ్మల్ని మధ్యలోకి లాగింది నేను కాదు" అన్నారు. తర్వాత, "ఆయన ఉపన్యాసం మాత్రం గట్టిగా ఉంది. ఎక్కడ పట్టుకుందామన్నా దొరకలేదు. ఎవరు రాస్తారు?" అని అడిగారు.

నేను నోరు తెరిచాను. అత్తగారు ముందే అందుకున్నారు. "ఎవరో రాయడం ఏంటమ్మా? మా అబ్బాయి చిన్నప్పటి నుంచీ చదువులో ఫస్టు."

మల్కాంతి నా ముఖం చూశారు. నేను దూరంగా వస్తున్న కారు చూపించి, "వచ్చేసింది అత్తమ్మా, మెట్టు జాగ్రత్త" అన్నాను.

ఇంటికొచ్చాక తిలక్ షూ విప్పుకుంటూ అడిగాడు: "కోపమా?"

"లేదు."

"ఉన్నమాటే కదా అన్నాను. సభ ఎలా చల్లబడిందో చూశావా? అంకెలు చెబితే చల్లబడతారా?"

"నేను హాయిగా ఉన్నానని మీకెలా తెలుసు?"

నిజంగానే ఆశ్చర్యపోయాడు. చెడ్డవాడు కాదు. "లేకపోతే చెప్పేదానివి కదా ఇనోకా" అన్నాడు. షూ పక్కన పెట్టి, "రేపు శిక్షణ కేంద్రాల మీద ప్రశ్న ఉంది. పొద్దున్నే కొంచెం చూసిపెట్టు" అన్నాడు.

అన్నం వడ్డిస్తూ ఆలోచించాను. అతను చెప్పిన దాంట్లో అబద్ధం ఏదీ దొరకలేదు. ఎవరూ మానమనలేదు. నన్ను ఎవరూ దేనికీ బలవంతపెట్టలేదు. అన్నీ నా ముందు పరిచి, ఒక్క దారి తప్ప మిగతావన్నీ సర్దేసి, ఏది కావాలో తీసుకోమన్నారు. నేను తీసుకున్నాను. దానికి నా ఇష్టం అని పేరు. కాలర్లు కుట్టినామె ఇష్టం కూడా అలాంటిదే. ఆమె కోసం ఆ పేరును అందమైన భాషలో రాసిపెట్టింది నేను. నా మీద అదే మాట వాడితే ఉలిక్కిపడటం ఎందుకు?

మర్నాడు దుల్మిని బడికి పంపి, కాలేజీ మానేశాక మళ్ళీ కట్టని ఓసరి చీర, మా క్యాండీ కట్టు, కట్టుకున్నాను. కుచ్చిళ్ళు నిలవడానికి టైం పట్టింది. అత్తగారు హాల్లోంచి, "ఎక్కడికే, వచ్చినవాళ్ళకు టీలు పెట్టాలి కదా?" అన్నారు.

"పాలు స్టవ్ పక్కనే ఉన్నాయి అత్తమ్మా. తిలక్‌ను పెట్టమనండి."

ఆమె నా వైపు చూసి మళ్ళీ టీవీ వైపు తిరిగారు. వినపడలేదనుకోవడం ఇద్దరికీ సుఖంగా ఉంది.

బస్సెక్కి నుగేగొడ వెళ్ళాను. అక్కడ ట్యుటోరియల్ కాలేజీలు వరసగా ఉంటాయి. మొదటి దాంట్లో ఖాళీలు లేవన్నారు. రెండో దాంట్లో ఒక కుర్ర మేనేజరు, ఇన్నాళ్ళూ ఏం చేశారని అడిగాడు. ఇంట్లో ఉన్నానన్నాను. "ఏమీ చెయ్యలేదన్నమాట" అని, మర్యాదగానే, తర్వాత కబురు చేస్తామన్నాడు.

రోడ్డు మీదికి వచ్చేసరికి ఎండ మండిపోతోంది. ఫోన్ మోగింది. తిలక్.

"ఎక్కడున్నావ్? సభ మొదలవబోతోంది. శిక్షణ కేంద్రాల జవాబు ఎక్కడ పెట్టావ్?"

"రాయలేదు."

"రాయలేదా? ఏం చేస్తున్నావ్ మరి?"

"ఉద్యోగం వెతుక్కుంటున్నాను."

అటువైపు గంట మోగడం, ఎవరో అతన్ని పిలవడం వినిపించింది. "సరదాగా ఉందా నీకు? దొరికిందా ఏంటి?" అన్నాడు.

"దొరకలేదు" అన్నాను. "కానీ వెతుకుతున్నాను కదా, నన్ను కూడా మీ లెక్కలో కలుపుకోండి. ఇవాళ్టి నుంచి నేను నిరుద్యోగిని."

ఫోన్ సంచిలో వేసుకుని మూడో కాలేజీ మెట్లెక్కాను.