ఆరు వందల గుమ్మడికాయ

మా మరిది సొలొమోను మంచివాడు. ఈ మాట నాది కాదు, ముత్తాయిగూడెం క్రైస్తవ సంఘమంతా అనే మాట. ఎవరేం అడిగినా కాదనడు. ఎవరు పొగిడినా పడిపోతాడు. ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరు బాధపడినా చూడలేడు. ఇలాంటి మంచివాళ్ళను కట్టుకున్న ఆడవాళ్ళకు పరలోకంలో ముందు వరసలో చోటివ్వాలి. ఇవ్వకపోతే అన్యాయం.

ఆయన నా చెల్లెలు సువార్తమ్మ మొగుడు. పటాన్‌చెరువు దగ్గరి ఆ ఊళ్ళో ఎకరన్నర పొలం, కొత్తగా వచ్చిన పైపుల ఫ్యాక్టరీలో హెల్పరు పని. ఒక్కతే కూతురు, గ్రేస్. నేను సంగారెడ్డిలో చిన్నపిల్లల బడి పంతులమ్మను. మా ఆయన పోయాక ఒక్కదాన్నే ఉంటున్నాను. గ్రేస్ ఏడో తరగతి పరీక్షలో బడికంతా ఫస్టు వచ్చినప్పుడు నేనే పనిగట్టుకుని వెళ్ళి మొగుడూ పెళ్ళాలను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"పిల్లకు తెలివున్నది. పది అయినంక కాలేజికి పంపాలె. అప్పుడు చూద్దాం అంటె కాదు, గిప్పటి సంది కూడబెట్టాలె," అన్నాను.

"పంపుదాం వదినా," అన్నాడు సొలొమోను.

"నా దగ్గరుంటది. సంగారెడ్డి కాలేజిల చదువుకుంటది. ఖర్చు గూడ తక్కువ."

అంతే, ముఖం మాడ్చుకున్నాడు. "మంది ఇంట్ల తిని చదివిందంటె నలుగురిల నా ఇజ్జత్ ఏం గావాలె? చదివితె హైదరాబాదులనే. హాస్టల్ల పెట్టి చదివిపిస్త."

నేను మందినట, పరాయిదాన్నట. తినడానికి తిండి లేదు, మీసాలకు సంపెంగ నూనె. సరే, హైదరాబాదైనా కాలేజీ కాలేజీయే కదా అని ఊరుకున్నాను. జీతం వచ్చిన రోజున ముందు పోస్టాఫీసు, ఆ తర్వాతే ఉప్పూ పప్పూ అని సువార్తమ్మకు గట్టిగా చెప్పి వచ్చాను. అది బర్రె పాలు అమ్మింది, పండక్కి చీర మానుకుంది. గ్రేస్ పదో తరగతికి వచ్చేసరికి ఆరు వందలు జమయ్యాయి. హాస్టలు డిపాజిట్టుకూ, మొదటి ఏడాది ఫీజుకూ, పుస్తకాలకూ అవి చాలు. నెలనెలా భోజనం ఖర్చు నేను పంపుతానన్నాను. దీనికి మాత్రం సొలొమోను ఇజ్జత్ అడ్డం రాలేదు. మనియార్డరు నలుగురికీ కనబడదు కదా.

ఇక సుందర్‌రాజు సంగతి. సంఘ పెద్ద, ఏదో ఫ్యాక్టరీలో స్టోరు గుమస్తా. స్కూటరు కొన్నాక ఆయన నడవడం మానేశాడు. గుడికి పది ఇళ్ళ అవతల ఉండి కూడా స్కూటరు మీదే వస్తాడు, అదీ ప్రార్థన మొదలయ్యాక, అందరూ కళ్ళు తెరిచి చూసేలా. డెబ్బై ఆరులో కోత పండుగకు ముందు ఒక ఆదివారం ఆయన లేచి నిలబడి, "మన సంఘంల కాలేజికి పోయే మొదటి పిల్ల సొలొమోను బిడ్డ. ఈ యేడు పండుగ హర్రాజుల వచ్చిన పైసలన్ని ఆ పిల్ల చదువుకే," అని ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు. నేనూ సంతోషించాను, అబద్ధమెందుకు.

కోత పండుగంటే, పంట ఇంటికి వచ్చాక అందరూ మొదటి ఫలం తెచ్చి దేవుని ముందు పెడతారు. కొత్త వడ్లు, కోళ్ళు, గుడ్లు, చిక్కుడుకాయలు, ఎవరికి ఏది పండితే అది. ఆరాధన అయ్యాక పందిరి కింద వాటిని హర్రాజు వేస్తారు. దేవుని పేరు మీద పాట కాబట్టి అర్ధరూపాయి వస్తువు ఐదుకూ పదికీ పోతుంది. అందులో తప్పు లేదు. తప్పంతా మగవాళ్ళలో ఉంది. పక్కవాడు పది అంటే తాను పదకొండు అనకపోతే ప్రాణం పోతుంది వాళ్ళకు.

ఆ యేడు పండక్కి నేనూ వెళ్ళాను. మధ్యాహ్నానికి సామానంతా అమ్ముడుపోయి, ముసలి సంగమ్మ తెచ్చిన గుమ్మడికాయ ఒక్కటే మిగిలింది. రెండు రూపాయలు చేస్తుందేమో. పాట పిలిచే యాదన్న దాన్ని పైకెత్తి చూపించాడు. సుందర్‌రాజు కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు. "చదువుకునే పిల్ల కోసం నేను యాభై పాడుతున్న. కన్న తండ్రి గూడ ఏమన్న పాడుతడా, లేకుంటె సంఘమే సాదాల్నా?"

అందరూ నవ్వారు. నవ్వులాటకే అన్నాడు. నవ్వి ఊరుకుంటే పోయేది. గాలికి పోయే కంపను ఒంటికి తగిలించుకోవడం మా మరిదికి పుట్టుకతో వచ్చిన విద్య. చాప మీది నుంచి లేచి, "అరవై!" అన్నాడు.

"వంద," అన్నాడు సుందర్‌రాజు.

"నూట యాభై!"

ఆడవాళ్ళ వైపు నుంచి నేను దగ్గాను. చెయ్యి ఊపాను. హర్రాజులో ఆడవాళ్ళు మాట్లాడకూడదు. మగవాళ్ళు నోటికొచ్చింది పాడాలంటే ఆడవాళ్ళు నోరు మూసుకోవాలి, అదీ పద్ధతి. సువార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గ్రేస్ తండ్రినే చూస్తోంది. ఆయన మమ్మల్ని చూస్తేనా? చుట్టూ కుర్రాళ్ళు ఈలలు వేస్తుంటే ఆయన మెడ నిక్కింది, కళ్ళు పెద్దవయ్యాయి. జన్మలో మొదటిసారి స్కూటరు ఉన్నవాడితో సమానంగా నిలబడ్డాడు మరి. పాట మూడు వందలు దాటింది, నాలుగు దాటింది. సుందర్‌రాజు "ఐదు వందల యాభై" అనగానే మావాడు "ఆరు వందలు!" అని అరిచాడు. పోస్టాఫీసులో ఎంత ఉందో అంతా పాడేశాడు. పైసా మిగల్చలేదు.

సుందర్‌రాజు చిరునవ్వు నవ్వి కాలు మీద కాలు వేసుకున్నాడు. యాదన్న "ఏక్ బార్, దో బార్, తీన్ బార్!" అని నేల మీద కర్ర కొట్టాడు. పాస్టరు అయ్యగారు సొలొమోను నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. పాపం, ఎవరేం చేసినా ప్రార్థన చేసే మనిషి ఆయన. మావాడు గుమ్మడికాయను భుజానికెత్తుకుని ఊరంతా తిరిగి ఇంటికొచ్చాడు.

"బుద్ధున్నదా నీకు?" అన్నాను గడపలోనే.

"పరేషాన్ గాకు వదినా. పాట పైసలన్ని గ్రేస్ చదువుకే గద. ఈ చేత్తోని ఇచ్చి ఆ చేత్తోని తీస్కునుడే."

"అట్లయితె అవి పోస్టాఫీసుల ఉంటె ఏం నొచ్చింది?"

గుమ్మడికాయను భుజం మీంచి దించి, "మంది పైసలతోని చదివిందని అనరు గద," అన్నాడు.

"సరే, పాడినవు. జల్దీ కట్టకు. సంఘం నుంచి పిల్ల పైసలు చేతికొచ్చినంక కట్టు. సుందర్‌రాజు పోయినేడు పాడిన కోడిపుంజు పైసలు ఇయ్యాల్టి వరకు కట్టిండా?"

"దేవుని బాకీ ఉంచుతమా వదినా?" అని నన్నే ఎదురు అడిగాడు, చెవులు మూసుకోవలసిన మాట ఏదో నేను అన్నట్టు. క్రిస్మస్ లోపలే పోస్టాఫీసు ఖాతా ఊడ్చి కట్టేశాడు. మిగిలిన మహానుభావుల్లో సగం మంది పాడిన పాటలు గాలిలోనే ఉన్నాయి. అంటే గ్రేస్ చదువుకని సంఘం చేతికి వచ్చిన సొమ్ములో దాదాపు అంతా గ్రేస్ సొమ్మే.

అంత పాట పాడి, అంత తొందరగా కట్టినందుకు కొత్త సంవత్సరంలో సొలొమోనును సంఘ కమిటీలో వేసుకున్నారు. కొత్త చొక్కా కుట్టించి ఇస్త్రీ చేయించుకున్నాడు. నాకు కార్డు ముక్క రాశాడు, తాను మెంబరయ్యానని. పిల్ల ఫీజు సంగతి అందులో లేదు.

ఎండలు ముదరక ముందే కమిటీ కూర్చుంది. ఆ రోజు జరిగింది సొలొమోనే ఇంటికొచ్చి పెళ్ళానికి చెప్పాడు, సువార్తమ్మ నాకు చెప్పింది. సుందర్‌రాజు అన్నాడట, "గుమ్మడికాయకు ఆరు వందలు పాడినోడు బిడ్డను చదివించుకోలేడా? మనం సాయం చేస్తె ఆయననే చిన్నగ చేసినట్టయితది. అవతల భజనోళ్ళకు మైకున్నది. మనకు లేదు. ఈ పైసలతోని మైకు తెద్దాం." ఇష్టమున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. సొలొమోను కూడా ఎత్తాడు.

నేను ఆ వారమే వెళ్ళి నిలదీశాను. "నీ బిడ్డ ఫీజయ్యా అది! చెయ్యి ఎట్ల లేచింది నీకు?"

"ఎత్తకుంటె పైసలకు ఆశపడ్డననుకుంటరు గద వదినా."

తన సొంత డబ్బుకు ఆశపడ్డాడని ఎవరో అనుకుంటారేమోనని భయపడే మనిషిని ఏం చేయాలి? కొడితే దెబ్బ మనకే. ఆ రోజు నాకు సుందర్‌రాజు మీద కంటే ఈయన మీదే ఎక్కువ అసహ్యం వేసింది. సుందర్‌రాజు కనీసం తన జేబుకు నష్టం చేసుకోలేదు.

గ్రేస్ మాత్రం చదువు ఆపలేదు. ఫస్టు క్లాసులో పాసైంది. ఫలితం తెలిసిన రోజునే బస్సెక్కి వెళ్ళాను. హాస్టలు డిపాజిట్టు, ఫీజు, భోజనం ఖర్చు అన్నీ మోసే జీతం నాది కాదు. అందుకని మళ్ళీ పాత మాటే అడిగాను.

"పిల్లను నా ఎంట పంపు. సంగారెడ్డి కాలేజిల చేర్పిస్త. అక్కడి ఫీజు నేను కట్టుకోగల్గుత. నీకు ఒక్క పైస ఖర్చు లేదు."

"ముందు గూడ ఇదే చెప్పిన వదినా. ఇప్పుడు కమిటీ మెంబర్ని. నా బిడ్డ మంది ఇంట్ల పడి తినుడేంది?" అన్నాడు. పైగా ముఖం వెలిగించుకుని చెప్పాడు. "సుందర్‌రాజన్న మాట్లాడిండు. గ్రేస్‌కు కొత్త మందుల ఫ్యాక్టరీల సీసాలకు చీటీలంటిచ్చే పని. సోమవారం సంది రమ్మన్నరు. ఎంత మంచోడు సూడు!"

సువార్తమ్మ వంటింట్లో నుంచి బయటికి రాలేదు. దాని నోట్లో నాలుక లేదని మా అమ్మ ఎప్పుడో చెప్పింది. గ్రేస్ గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వన్న చెప్పవే," అన్నాను దానితో.

"ఏం చెప్పాలె పెద్దమ్మా? సుందర్‌రాజు మామ మంచోడని నాయిన చెప్పవట్టె. నాయిన మంచోడని ఊరు చెప్పవట్టె. గింతమంది మంచోళ్ళ నడుమ నా మాట ఎవరికి కావాలె?" అంది. పదహారేళ్ళ పిల్ల గొంతులో అంత విసుగు ఉండకూడదు.

ఆ ఆదివారం గుడికి వెళ్ళాం. కొత్త మైకు మొదటి రోజు. గుడి కప్పు మీద గొట్టం కట్టారు, ఊరి నాలుగు వాడలకూ వినబడేలా. సుందర్‌రాజు దాన్ని పట్టుకుని వదలలేదు. వాతావరణం, ఫ్యాక్టరీలు, తన స్కూటరు, అన్నింటికీ స్తోత్రం చెప్పాడు. చివరికి, "మన సంఘపు బిడ్డ గ్రేస్ ఫస్టు క్లాసుల పాసైంది. వచ్చి సాక్ష్యం చెప్తది," అని పిలిచాడు. సొలొమోను వెనక్కి తిరిగి అందరి ముఖాలూ చూసుకున్నాడు, ఊరంతా వింటోంది కదా అన్నట్టు.

గ్రేస్ వెళ్ళి మైకు పట్టుకుంది. మా సంఘంలో సాక్ష్యానికి, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పడానికి, ఒక అలవాటుంది. చెప్పేవాళ్ళు ప్రతి మాట దగ్గరా ఆగుతారు, కూర్చున్నవాళ్ళు "ఆమెన్" అంటారు. ఏం చెప్పారో వినాల్సిన పని లేదు, ఆగిన చోటు తెలిస్తే చాలు.

"అందరికి వందనాలు. నేను పదో తరగతి పాసైన," అంది గ్రేస్.

"ఆమెన్!"

"నన్ను కాలేజికి పంపాలని మా అమ్మ పాలమ్మింది. మా నాయిన రాత్రి డ్యూటీలు చేసిండు. పైసా పైసా జమ చేసిన్రు."

"ఆమెన్!"

"ఆ పైసలు మా నాయిన గుమ్మడికాయకు పాడిండు. సంఘం వాటితోని ఈ మైకు కొన్నది."

"ఆమెన్!" సుందర్‌రాజు గొంతు అందరికంటే ముందు లేచింది. దాని వెనకే మా సొలొమోను గొంతు. నేను స్పష్టంగా గుర్తుపట్టాను.

"నేను రేపటి సంది సీసాలకు చీటీలంటిచ్చవోతున్న. ఇగ చదువు లేదు."

"ఆమెన్!"

ఆ మాట అన్నాక కూడా కొందరికి అర్థం కాలేదు. కొందరికి అయి, తెరిచిన నోరు మూయడం ఎలాగో తెలియక అట్లాగే కూర్చున్నారు. అయ్యగారు అలవాటుగా ప్రార్థనకని కళ్ళు మూసుకున్నాడు. సుందర్‌రాజు మైకు లాక్కోబోయాడు, గ్రేస్ ఇవ్వలేదు.

నా పక్కన చాప కదిలింది. సువార్తమ్మ లేచి నిలబడింది. కొంగు నడుముకు దోపుకుని, ఆడవాళ్ళ వైపు దాటి, మగవాళ్ళ చాపల మధ్య నుంచి నడిచి కూతురి పక్కకు వెళ్ళింది.

"సువార్తా! కూసో, నలుగురు చూస్తున్నరు," అన్నాడు సొలొమోను, గొంతు తగ్గించి.

అది ఆయన వైపు చూడనే లేదు. నన్ను చూసింది. మైకు దాని నోటికి దగ్గరగా ఉంది. నాలుగు వాడలూ విన్నాయి.

"అక్కా, సంగారెడ్డి బస్సు ఎన్ని గంటలకున్నది?"