పై కిటికీకి కొట్టిన ఎక్స్‌రే

"చీటీ తీసుకున్నావా? వరసలో నిలబడు" అని నర్సమ్మ కసురుతోంది, నేను నిలబడే ఉన్నాను గానీ ఆ ఒంగోలు ఆసుపత్రి వరండాలో నా ముందు మనుషులెవరూ లేరు, మా ఇంటి సామాను నిలబడి ఉంది, మట్టి నింపి కరివేపాకు పెంచిన నూనె డబ్బా, మా అమ్మ పాత చీరలు మడతలేసి నేను కుట్టిన బొంత, సిమెంటు బస్తా చించి కుట్టిన సంచి, చిరిగిన ప్యాంట్లు కూరి చేసిన దిండు, అన్నీ చీటీలు పట్టుకుని బుద్ధిగా తమ వంతు కోసం చూస్తున్నాయి. ఎందుకొచ్చారే మీరంతా అని అడిగితే బొంత అచ్చం మా అమ్మ గొంతుతో, "మమ్మల్ని మళ్లీ మునుపట్లా చేస్తారంట" అంటుంది. నాకు ఒళ్లు మండిపోతుంది. ఒక్కోదానికి నేను పడిన చాకిరీ ఏమిటి, ఇవి నన్ను వదిలిపోవడానికి వరస కట్టడమేమిటి! పోండి, పీడా పోతుంది అంటాను, కానీ ఇవన్నీ పోతే ఇంట్లో ఇంక ఏం మిగులుతుందని లోపల గుబులుగా ఉంటుంది.

నడుస్తుంటే కాళ్ల కింద బండలు సన్నబడి పలకలవుతాయి, వరండా మెల్లగా మా మార్కాపురం పలకల ఫ్యాక్టరీ షెడ్డుగా మారుతుంది, ఆ బూడిద రంగు దుమ్ము లేస్తుంది, దుమ్ము మధ్యలో ముక్కాలిపీట మీద నా మొగుడు కూర్చుని ఉన్నాడు. మొగుడి పేరు నోటితో అనకూడదని మా అత్త బతికినన్నాళ్లూ నా నోరు నొక్కింది గానీ ఇప్పుడంటే ఎవరొచ్చి కొడతారు, చెన్నకేశవులు. ఇరవై ఆరేళ్లు ఆ షెడ్డులో పలకలు కోసి, ఆ దుమ్మే మింగి, పోయిన శ్రావణంలో పోయాడు. పోయినవాడు పోయినట్టు ఉండక ఇప్పుడు కూడా బనీను తొడుక్కుని పలకలకు చట్రాలు బిగిస్తున్నాడు. దగ్గరికి పోయి చూస్తే అవి పలకలు కావు, ఎక్స్‌రేలు.

"ఏమ్మే వెంగమ్మా, ఇంత ఆలీసమా?" అంటాడు తల ఎత్తకుండా.

"నీకేం, కూచోని ఉండావు. ఆ వరస యాడ కదుల్తాంది?" అంటాను. పదకొండు నెలల తర్వాత కనబడిన మనిషితో అనవలసిన మాటేనా అది! నిజానికి కాళ్ల మీద పడి ఏడవాలి. నా నోరే అంత, సంతోషమొచ్చినా దుఃఖమొచ్చినా ముందు కస్సుమంటుంది.

"తిన్నావా?" అని అడుగుతాను.

"తిన్నా."

"దగ్గు?"

"ఇప్పుడు లేదులే. దగ్గేదానికి లోపల ఏముంది?" అని రొమ్ము మీద వేళ్లతో కొట్టి చూపిస్తాడు, ఖాళీ డబ్బా చప్పుడు వస్తుంది.

నేను అతనికి ఒక మాట చెప్పాలి. ఆ మాట కోసమే వచ్చానని కలలో కూడా నాకు తెలుసు. రెండేళ్ల కిందట ఫ్యాక్టరీకి డాక్టర్లు వచ్చి అందరికీ ఎక్స్‌రేలు తీసినప్పుడు ఇతని ఊపిరితిత్తిలో కుడి పక్కన సెనగ గింజంత మచ్చ ఉందన్నారు, మూడు నెలలాగి ఇదే ఫిల్ము పట్టుకుని మళ్లీ రమ్మన్నారు. దగ్గు తగ్గింది కదా అని మేం పోలేదు. వానాకాలంలో మా గది గోడకు పైనుండే చిన్న కిటికీ అద్దం పగిలి మంచం మీద జల్లు పడుతుంటే, నేను ఆ ఫిల్మును అంచులు కత్తిరించి ఆ పై కిటికీకి మేకులతో కొట్టాను. తడవదు, పగలదు, వెలుతురుకు అడ్డం రాదు. ఎంత మురిసిపోయానో! తర్వాత ఇతను నెత్తురు కక్కుకుంటే ఒంగోలు తీసుకుపోయాం, పాత ఎక్స్‌రే ఏదమ్మా అని అక్కడి పెద్ద డాక్టరు అడిగాడు. పక్కనే ఇతని అక్క కాశమ్మ వదిన నిలబడి నా మొహమే చూస్తోంది. మొగుడి ఎక్స్‌రే కిటికీకి కొట్టానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? "ఈయనే బస్సులో మర్చిపోయి దిగినాడు సార్" అన్నాను. ఇతను నన్ను ఒకసారి చూసి, డాక్టరు వైపు తిరిగి, అవునన్నట్టు తల ఊపాడు. అది ఉంటే మచ్చ పెరిగిందో లేదో ఇప్పుడే తేలిపోయేది, సరే, ముందు టీబీ మందులు వాడి చూద్దాం అన్నాడు డాక్టరు. ఐదు నెలలు వాడాం. టీబీ కాదు, క్యాన్సర్ అని తేలేసరికి ఆ గింజ నిమ్మకాయంత అయింది.

ఆ ఐదు నెలల్లో ఏ రోజైనా మంచమెక్కి నాలుగు మేకులు పీకి ఉంటే సరిపోయేది. నేను పీకలేదు. మొదట సిగ్గుపడ్డాను, ఎట్లాగూ మందులిస్తున్నారు కదా అని సర్దిచెప్పుకున్నాను, ఆ తర్వాత ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడుగుతారని భయపడ్డాను. నా మొగుణ్ణి ఆ దుమ్ము సగం చంపితే మిగతా సగం నేను చంపాను.

"అదిగాదయ్యా, నీకొక మాట చెప్పాల" అని ఇప్పుడు మొదలుపెడతాను, కానీ నోట్లోంచి "పాత చీరను ముందు బాగా ఉతికి, గంజి పెట్టకుండా ఆరేసి, నాలుగు మడతలు వేసుకోవాలి" అని వస్తుంది. నాలుక కరుచుకుని మళ్లీ మొదలుపెడితే "నూనె డబ్బా అడుగున మూడు చిల్లులు పొడవాలి, లేకుంటే మొక్క వేరు కుళ్లుతుంది" అని వస్తుంది. ఇవన్నీ నేను మున్సిపాలిటీ మీటింగుల్లో మైకు పట్టుకుని చెప్పిన మాటలు, చెత్త బయటికి పోని ఇల్లని మా వార్డులో నాకే శాలువా కప్పారు.

"ఆ ఉపన్యాసం మీ మున్సిపాలిటీ మేడమ్‌కు చెప్పుకోపో, నాకెందుకు" అని నవ్వుతాడు.

నవ్వుతుండగానే షెడ్డు కదులుతుంది, ఇనప రేకులు గడగడలాడతాయి, చూస్తే ఇద్దరం ఒంగోలు బస్సులో కూర్చుని ఉన్నాం, మా మధ్య సీటులో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది, అతను ఆ ఖాళీని అరచేత్తో తడుముతున్నాడు. "ఈడనే గదా నేను దాన్ని వదిలేసింది? ఏ సీటు కింద పడిందో, దా మే, ఇద్దరం ఎతుకుదాం" అని కిందికి వంగుతాడు. నేను చెయ్యి పట్టుకుని లాగినా ఆగడు, మోకాళ్ల మీద పాకుతూ ఒక్కో సీటు కింద తల పెట్టి చూస్తున్నాడు, పలకల దుమ్మంతా సీట్ల కిందే పేరుకుని ఉంది, దగ్గు మళ్లీ మొదలవుతుంది, ఆ దగ్గు, రాత్రింబవళ్లు నేను విన్న దగ్గు. అయ్యో, అయ్యో, నేను ఆడిన అబద్ధాన్ని నమ్మి చచ్చిపోయాక కూడా ఎతుకుతున్నాడే ఈ పిచ్చి మనిషి!

"ఎతకొద్దయ్యా! అది బస్సులో లేదు. వాన పడతాందని నేనే దాన్ని కిటికీకి కొడితి. డాక్టరు అడిగితే నీ మీదికి తోస్తి. ఐదు నెలలు నోరు మూసుకుని కూచుంటి. నిన్ను నేనే పోగొట్టుకుంటినయ్యా!" అని బస్సంతా వినబడేటట్టు అరుస్తాను.

దగ్గు ఆగుతుంది. సీటు కింద నుంచి అతని గొంతు మాత్రం వస్తుంది.

"తెల్సు మే."

బస్సు ఆగుతుంది, ఆగితే అది మా గది, సీటు మా మంచం, అతను పైదాకా దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు, చివరి రోజుల్లో ఉన్నంత సన్నగా.

"ఎప్పట్నించి తెల్సు?" అంటాను.

"ఒంగోలు నించి వచ్చిన మర్నాడే. ఎలుతురు వస్తదని మంచం ఆ కిటికీకి ఎదురుగా నువ్వే జరిపితివి గదా. అంతకుముందు ఏదో నల్ల అట్ట అనుకుంటి, పొద్దన్నే ఎండ పడంగానే నా ఎముకలు నాకే కనబడె. ఇటు పది, అటు పది. రోజూ లెక్కబెట్టుకుంటా ఉంటి."

"మరి పీకి ఇయ్యకపోతివా? నీ పానం గదయ్యా!"

"మందులు మింగుతానే ఉండా, తగ్గుద్దిలే అనుకుంటి. నువ్వూ అట్నే అనుకున్నావు గదా." దుప్పటి కొంచెం దించుకుంటాడు. "ఇంకోటి, నువ్వే చెబుతావని చూస్తి. ఇయాల చెబుద్ది, రేపు చెబుద్ది అని."

మంచం పట్టె మీద కూలబడతాను. "తిట్టొచ్చు గదా, రెండు తన్నొచ్చు గదా, ఎందుకు ఊరుకుంటివయ్యా?" అని దుప్పటి పట్టుకుని కుదుపుతాను, అతను నోరు తెరుస్తాడు, సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని వాళ్లు వస్తారు.

మున్సిపాలిటీ మేడమ్, వెనకాల పదిమంది ఆడవాళ్లు, వాళ్ల వెనక కాశమ్మ వదిన. వాళ్లు నిజంగానూ ఇట్లాగే వచ్చారు. ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు అన్న రెండో రోజు, నా ఇల్లు చూసి నేర్చుకోవడానికి వచ్చారు. రావద్దని ఒక్క మాట చెబితే పోయేది, శాలువా ఆశ నాది, చెప్పలేదు. మంచంలో మనిషి మూలుగుతుంటే నేను సంచులు, బొంతలు చూపించాను. పైన అదేమిటని మేడమ్ అడిగితే, "ఎవరిదో పాత ఎక్స్‌రే అమ్మా, చెత్తలో దొరికింది" అన్నాను. అతను వింటూనే ఉన్నాడు. ఆమె ముచ్చటపడి స్టూలెక్కి కళ్లద్దాలు సవరించుకుని మరీ చూసింది. ఎక్స్‌రే మూలన ఇతని పేరు అచ్చు వేసి ఉంటుందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. కింద కాశమ్మ వదిన ఉంది, నా పని అయిపోయిందనుకున్నాను. మేడమ్ పేరు సంగతే ఎత్తకుండా "భలే వాడారండీ" అని దిగిపోయింది. ఆమె చూపు ఆనలేదని దేవుడికి దండం పెట్టుకున్నాను.

కలలో మాత్రం ఆమె స్టూలు ఎక్కుతూనే ఉంది, స్టూలు పొడుగవుతూనే ఉంది, కాశమ్మ వదిన "ఎవరి పేరుందమ్మా దాని మీద, గట్టిగా చదువు" అంటూనే ఉంది. ఆ ఎముకల గూడు లాంటి మనిషి దుప్పటి తోసేసి మంచం మీద లేచి నిలబడతాడు, కాళ్లు గడగడ వణుకుతున్నా గోడ పట్టుకుని, వాళ్లందరికీ వీపు పెట్టి, కిటికీకి అడ్డంగా చెయ్యి చాపుతాడు.

"దిగయ్యా, పడతావు!" అని అరిచాను, అరుపుకి నాకే మెలకువ వచ్చింది.

ఏడు దాటింది. పాల ప్యాకెట్ల వాడి బండి వీధి మలుపు తిరుగుతోంది. ఎదురుగా కిటికీలో ఎండ పడి అతని పక్కటెముకలు తెల్లగా వెలుగుతున్నాయి. అతను పోయిన రోజు నుంచి నేను అటు తల ఎత్తలేదు, ఊడ్చేటప్పుడు కూడా తల వంచుకునే ఊడ్చాను. ఇవాళ దాన్ని పీకి పారేసి గాని ముద్ద ముట్టనని పట్టకారు తీసుకుని మంచమెక్కాను.

మేకుకు పట్టకారు ఆనించబోతే కింది మూల తెల్లగా ఏదో కనబడింది. ప్లాస్టరు. ఆసుపత్రిలో సెలైన్ సూది కదలకుండా చేతి మీద వేస్తారే, ఆ ప్లాస్టరు. ఆఖరిసారి ఇంటికొచ్చాక, మేడమ్ వాళ్లు రావడానికి ముందే, దాన్ని తనే పీకేసుకున్నాడని నాకు గుర్తుంది, యాడ పారేసినావని కసిరాను కూడా. వంకర లేకుండా, సరిగ్గా పేరు ఉన్నంత మేర, చివర్లు గోటితో రుద్ది మరీ అంటించాడు. స్టూలెక్కి ఎంత దగ్గర నుంచి చూసినా ఒక్క అక్షరం కనబడదు.

జిగురు అంచున అతని చేతి వెంట్రుకలు మూడు అంటుకుని ఉన్నాయి.