సకెల్లారిస్ చెప్పవలసిన మాట

"ఈ ఏడు ఎవడిదో ఒకడి చెయ్యి పోతుంది. నా మాట రాసిపెట్టుకో" అంది సెవస్తి, ఉల్లిపాయలు తరుగుతూ.

అప్పటికింకా ఏమీ జరగలేదు. ఈస్టర్‌కు ముందురోజు, శనివారం పొద్దున. గ్రీసు దీవి కాలిమ్నోస్ రేవులో పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. ఇంట్లో గొర్రెపిల్లను కడిగి బల్లమీద పెట్టారు. దాని కడుపులో బియ్యమూ కాలేయం ముక్కలూ కూరి, మట్టికుండలో దించి, మూతికి పిండి మెత్తి, పెరటి పొయ్యిలో పెట్టాలి. ఆమె భర్త సకెల్లారిస్ కుండను మోకాళ్ల మధ్య ఇరికించుకుని తుడుస్తున్నాడు. అతని కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మాత్రమే ఉన్నాయి. మిగతా మూడూ ఇరవై ఏళ్ల వయసులో, ఇలాంటి పండగనాడే, కొండమీద పోయాయి.

ఊరికి అటో కొండ, ఇటో కొండ. పండగ రాత్రి గుడిలో గంట మోగగానే అటువాళ్లు సంబరానికి డైనమైట్ వెలిగించి గాల్లోకి విసురుతారు, ఇటువాళ్లు బదులు విసురుతారు. అదురుకు అద్దాలు పగలకుండా ఆడవాళ్లు కిటికీలన్నీ బార్లా తీసి పెట్టుకుంటారు. అద్దాలకైతే ఆ ఉపాయం ఉంది.

కొడుకు థెమెలిస్‌కు మొన్న ఫిబ్రవరిలో పదిహేడు నిండాయి. పుట్టినప్పుడు నర్సు చేతుల్లోంచి అందుకుని సెవస్తి మొదట లెక్కపెట్టింది వాడి వేళ్లనే. ఇప్పటికీ వాడు ఇంట్లో అడుగుపెడితే ముందు చేతులు చూసి, తర్వాత మొహం చూస్తుంది.

అయినా ఇన్నేళ్లూ ఆమెకు ఒక ధైర్యం ఉండేది. వాడు కొండెక్కుతానన్న రోజు తను అరిచి గీపెట్టక్కర్లేదు. తండ్రి ఉన్నాడు. ఆ చెయ్యి వాడి ముందు చాపి, 'ఇరవై ఏళ్లప్పుడు నాకెవరైనా చెప్పి ఉంటే' అని మొదలుపెడితే చాలు, వాడు ఆగిపోతాడు. అందుకే ఆ మాట ముందెప్పుడూ ఎత్తనివ్వలేదు. ఊరికే అంటూ ఉంటే దాని పదును పోతుందేమోనని భయం.

పదకొండింటికి థెమెలిస్ బూట్లు వేసుకుని వంటింట్లోకి వచ్చాడు.

"ఎక్కడికిరా?"

"ఎక్కడికో నీకు తెలుసు. సరుకు పైకి మొయ్యాలి."

"బంగాళాదుంపల బస్తానా, అంత తేలిగ్గా చెప్తున్నావు?"

"అమ్మా, పోయినేడు నేను వాకిట్లో నిలబడి చూస్తుంటేనే నన్ను నాలుగుసార్లు చంపేశావు. ఈ ఏడు కాస్త పనిచేసి చస్తాను."

"ఆ మాట అనకు! ఉమ్మెయ్. మూడుసార్లు ఉమ్మెయ్!"

వాడు నవ్వుతూ ఉత్తుత్తిగా ఉమ్మి, పండగకని ఎర్రరంగు వేసిన గుడ్డు ఒకటి తీయబోయాడు. ఆమె చేతిమీద ఒక్కటి వేసింది. ఆ చెయ్యి వెచ్చగా, నిండుగా తగిలేసరికి ఇక ఆగలేక భర్తవైపు తిరిగింది.

"ఏమయ్యా, చెప్పు. నీ చెయ్యి చూపించి చెప్పు వీడికి."

సకెల్లారిస్ కుండ తుడుస్తూనే ఉన్నాడు.

"నాన్న చెయ్యి నేను చూడందా అమ్మా?" అన్నాడు థెమెలిస్. గొంతులో వెటకారం లేదు, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "చిన్నప్పుడు బడిలో అందరికీ చూపించడానికి నాన్నను గేటు దగ్గరికి పిలిచేవాణ్ని. మన వీధిలో నన్ను పేరుపెట్టి ఎవడు పిలుస్తాడు? సకెల్లారిస్ కొడుకంటారు. కొండమీద ముందు వరుసలో నాకు చోటెందుకిచ్చారనుకున్నావు? ఆ చెయ్యి చూసే."

ఆమె కత్తి ఆగిపోయింది. ఏ చెయ్యి వాణ్ని ఆపుతుందని నమ్ముకుందో, ఆ చెయ్యే వాణ్ని పైకి పిలుస్తోంది.

"అప్పటి వత్తులు నాసిరకం. మేం గడియారం పెట్టుకుని కాల్చి చూశాం. నాన్నా, నువ్వే చెప్పు. వెళ్లొద్దంటావా?"

సకెల్లారిస్ తలెత్తి కొడుకు మొహం చూశాడు. పెదవి కదిలింది. మళ్లీ కుండలోకి చూశాడు. థెమెలిస్ చాలాసేపే నిలబడ్డాడు. నిజంగా వినడానికే నిలబడ్డాడు. బయట ఎవరో ఈల వేశారు.

సెవస్తి గుమ్మానికి అడ్డం వచ్చింది. వాడు ఆమెను నడుం దగ్గర పట్టుకుని ఎత్తి, కుర్చీని జరిపినంత నెమ్మదిగా పక్కన దించాడు. బుగ్గమీద ముద్దుపెట్టి వెళ్లిపోయాడు.

"నీ నోరు పడిపోయిందా?" అంది భర్తతో. "వాడు నీ మాటకోసం ఆగాడు, చూశావా? ఆ ఇరవై ఏళ్ల కుర్రాడు ఇప్పుడు నీ ఎదురుగా నిలబడితే ఏం చెప్తావో, అదే చెప్పమన్నాను. అంత బరువా?"

ఆమె బియ్యం కూరి, గొర్రెపిల్ల కడుపు కుట్టేసింది. అతను కుండ మూతి చుట్టూ పిండి మెత్తాడు, రెండు వేళ్లతో నొక్కుతూ, ఎక్కడా సందు లేకుండా. ఇద్దరూ కలిసి మోసి పొయ్యిలో పెట్టారు. పెరట్లోంచి కొండ కనిపిస్తోంది. దానిమీద కుర్రాళ్లు చుక్కల్లా కదులుతున్నారు, అందరూ ఒకేలా ఉన్నారు.

"వాడిది నీలం చొక్కా కదూ?" అంది.

నాలుగు గంటలప్పుడు, చేతికంటిన పిండి గోకుతూ, సకెల్లారిస్ మాట్లాడాడు.

"నాకు చెప్పారు, సెవస్తీ. మా నాన్న ఆ రోజు ఈ ఇంట్లోనే నా చొక్కా పట్టుకుని చెప్పాడు. ఆయన ఎడమచెవికి వినికిడి పోయింది కూడా ఆ కొండమీదే. అంతా విన్నాను. విని, ఆయన ఎడమపక్కకు వెళ్లి, ముసలాడికి పిరికితనం పట్టుకుందని స్నేహితులతో అని నవ్వాను. ఆ ఇరవై ఏళ్ల కుర్రాడు నాకు బాగా తెలుసు. ఏం చెప్పినా వెళ్తాడు."