పుట్టీ కింద గీత

అదే కంపెనీ, అదే మోడల్, నీ అదృష్టం కొద్దీ రంగు కూడా అదే, ఇంకేం చూస్తావు చెల్లెమ్మా, అంటాడేమిటి ఈ పాత సామాన్ల కొట్టాయన, రంగు కలిస్తే చాలా, ఆమె కొనడానికి వచ్చింది కిటికీ తెర కాదు, కారు తలుపుల మధ్య నిలబడే పిల్లరు, పోయిన నెల పక్కనుంచి వ్యాను గుద్దినప్పుడు వంగిపోయి కూతుర్ని కాపాడింది తమ బండిలోని ఆ ఇనుమే, పిల్ల భుజం మీద సీటుబెల్టు ఒరుసుకున్న గాయం ఇంకా పూర్తిగా మానలేదు, షెడ్డు మేస్త్రి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, పాతది కొంటే కొనండి గానీ పేరు చూసి మోసపోకండమ్మా, కంపెనీవాళ్ళు పేరు అదే ఉంచి లోపల ఇనుము మార్చేస్తారు, ఏ సంవత్సరం బండిదో అడగండి, బెల్టు బోల్టు రంధ్రం మన దాంతో కలవాలి, ఒకసారి అతికిన ముక్కయితే ముట్టుకోవద్దు, అందుకే ఏ సంవత్సరందండీ అని అడిగింది, దానికి అతను ఆమెకు జవాబు చెప్పకుండా ఆమె భర్త వైపు తిరిగి, ఏరా, ఇంట్లో కూడా ఇన్ని పరీక్షలేనా నీకు, అని నవ్వాడు, సరే అతను నవ్వాడు, ఈయనకేమొచ్చింది, ఈయనా నవ్వాడు, చిన్ననాటి స్నేహితుడట, రోజూ ఆ బండి నడిపేది ఆమె, పిల్లను ఎక్కించుకునేది ఆమె, నవ్వుకోవడానికి మాత్రం వీళ్ళిద్దరూ.

ఫోనులో తమ బండి ఫొటో తీసి పక్కన పెట్టి చూసింది, రంధ్రం రెండు వేళ్ళు కిందికి ఉంది, అదేముంది, డ్రిల్లుతో ఇంకోటి కొట్టించుకుంటే సరి, అన్నాడతను, చొక్కాకు ఇంకో కాజా కుట్టించుకోమన్నంత తేలిగ్గా, ఒళ్ళు మండిపోయింది, వంగి లోపలి వైపు తాళంచెవితో గీకింది, పెయింటు రాలింది, పుట్టీ రాలింది, దాని కింద అడ్డంగా వెల్డింగు గీత, పాత వస్తువన్నాక ఏదో ఒకటి ఉండదా చెల్లెమ్మా, మన పిల్ల కూర్చునే బండికి చెడ్డది ఇస్తానా, అంటుంటే ఇక ఆగలేక, అన్నయ్యా, మీ పిల్లను కూర్చోబెడతారా దీని పక్కన, అనేసింది, అతను రాలిన పుట్టీని చెప్పుతో పక్కకు నెట్టాడు, ఇది మాకు వద్దు, అని ఆమె లేచి చేతులు దులుపుకుంది.

ఏమనుకోకురా, ఆవిడ సంగతి నీకు తెలుసుగా, అని వెనక భర్త గొంతు బతిమాలుతోంది, ఆవిడ సంగతట, విరిగిన తలుపులు పేర్చిన సందులోంచి బయటికొచ్చాక ఆయన పక్కన చేరి, మంచిపని చేశావు, నాకూ ఆ వెల్డింగు చూస్తే భయమేసింది, అన్నాడు, చూడటమేమిటి, ఎప్పుడు చూశారు, అంది, నువ్వు లోపలికి రాకముందే, పుట్టీ కింద ఎత్తుగా చేతికి తగిలింది, వాడితో ఎలా చెప్పను చెప్పు, అన్నాడు, ఇల్లు కారుతుంటే ఇంటివాడితో దెబ్బలాడింది ఆమె, రెండు రోజులకని వచ్చి మూడు నెలలు కదలని ఈయన బాబాయిని పంపించింది ఆమె, ప్రతిసారీ వెనక నిలబడి ఏమనుకోకండి అన్నది ఈయన, ఈయన వైపు వాళ్ళందరికీ ఆమె గయ్యాళి, ఈయన వెన్నపూస, పోనీ, ఆ పేరు మోయడం అలవాటైపోయింది, కానీ ఇవాళ పని ఉందని తను ఇంట్లో ఆగిపోయి ఉంటే, తెలిసి తెలిసి, స్నేహితుడి ముఖం చిన్నబోకూడదని, ఈ మంచి మనిషి ఆ ముక్కను కన్నకూతురి పక్కన బిగించి ఉండేవాడు.